గుడ్డ కింది మహనీయుడు

నల్లరాళ్ళపేట నడిబొడ్డున నిలబడి ఉన్న బానిసత్వాన్ని నెల తిరక్కుండా వేళ్ళతో సహా పెకలించి పారేస్తామని శాసనసభ్యులు ధనంజయ గారు ప్రకటించిన సాయంత్రం పేటలో కరెంటు లేదు. అయినా ఆ ప్రకటన అందరికీ వినబడింది. ధనంజయ గారి గొంతు అటువంటిది. మైకు ఆయనకు అలంకారమే గానీ అవసరం కాదని గిట్టనివాళ్ళు కూడా ఒప్పుకుంటారు.

ఆ సభలో మొదటి మాట నుంచి చివరి మాట దాకా కదలకుండా కూర్చుని విన్న పౌరుడు ఒకే ఒక్కడు. అతని పేరు గౌస్ మొహిద్దీన్. సభకు వేసిన షామియానా అతనిది. దాన్ని విప్పుకుని పోవాలి గనుక ఏ పార్టీ సభ అయినా ఆఖరి వందన సమర్పణ దాకా ఉంటాడు. మామూలుగా వెనక గుంజకు ఆనుకుని కునుకు తీస్తాడు. ఆ రోజు మాత్రం నిద్ర రాలేదు. కండువాతో రెండు మూడుసార్లు కళ్ళు తుడుచుకున్నాడు.

ధనంజయ గారు బానిసత్వం అన్నది కర్నల్ పెల్హామ్ దొర విగ్రహాన్ని. ఆ పేరు పేటలో ఎవరికీ నోరు తిరగదు. పిలకం దొర అంటారు. చిత్తూరు బస్సులు ఆగే కూడలిలో, నల్లరాతి దిమ్మె మీద, టోపీ చంకలో పెట్టుకుని, మామిడికాయల మండీ వైపు చూస్తూ నిలబడి ఉంటాడు. రెండు వందల ఏళ్ళ కిందట ఈ చుట్టుపక్కల పాళెగాళ్ళు కుంపిణీకి కప్పం కట్టబోమని తిరగబడితే అణచడానికి వచ్చినవాడు. అణిచాడు. దొరికిన వాళ్ళను దొరికినట్టు ఈ కూడలిలోనే ఉరి తీయించి, శవాలను దించడానికి కూడా వీల్లేదన్నాడు. ఆ సేవను మరిచిపోని తర్వాతి దొరలు సరిగ్గా అదే చోట అతనికి విగ్రహం పెట్టించారు.

ఉరి పడినవాళ్ళలో గౌస్ మొహిద్దీన్ వంశం వాడు ఒకడున్నాడు. పేరు ఫకీర్ సాహెబ్. పాళెగాడి బురుజు మీద నగారా వాయించేవాడు. కుంపిణీ పటాలం వస్తోందని నగారా మోగించి చుట్టుపక్కల ఊళ్ళను లేపడం అతను చేసిన నేరం. ఈ సంగతి ఏ పుస్తకంలోనూ లేదు. ఆ ఇంట్లో తండ్రి కొడుక్కు చెబుతూ వచ్చాడు, అంతే.

గౌస్ పరుపుల అంగడి అదే కూడలిలో, దొరకు పక్కవైపున ఉంది. తాత పెట్టినది. తాతా, తండ్రీ, ఇప్పుడు అతనూ, పొద్దున అంగడి తలుపు తీసేటప్పుడు దొరకు వీపు చూపించే తీస్తారు. అది తమ వంశం నిరసన అని గౌస్ చెప్పుకుంటాడు. అంగడి తలుపు తీసేవాడు వీధికి వీపు పెట్టక మరి పొట్ట పెడతాడా అని అతని భార్య జైతున్‌బీ అంటుంది.

సభ అయ్యాక గౌస్ ధైర్యం చేసి వేదిక దగ్గరికి వెళ్ళాడు.

"సార్, చానా సంతోషం. ఆ బొమ్మ తీసేసినాక ఆడ ఒక రాయి పెట్టించండి సార్. దొర ఉరేసినోళ్ళ పేర్లు రాసి. పెద్దది అక్కర్లేదు."

"దొర ఉరేసినాడా?" అన్నారు ధనంజయ గారు. "ఎవుర్ని?"

"మనోళ్ళనే సార్. ఈడనే, మీరు నిలబడిన చోటనే."

ధనంజయ గారు రెండడుగులు పక్కకు జరిగి, తన పీఏ భానుచందర్ వైపు చూశారు. "ఇంత మంచి పాయింటు స్పీచులో పెట్టకపోతివే. మరి దొరను యాలకు తీస్తా ఉండామనుకున్నావు నువ్వు?"

"ట్రాఫిక్కుకు అడ్డమని సార్," అన్నాడు భానుచందర్.

"సరే, రెండూ పెట్టు," అని ఆయన గౌస్ భుజం తట్టారు. "నీ రాయి సంగతి నేను సూసుకుంటాలే బాయ్."

గౌస్ ఆ రాత్రి అన్నం దగ్గర ఈ మాట చెబితే జైతున్‌బీ మజ్జిగ పోస్తూ విన్నది.

"దొరను తీస్తే తీయనీ," అన్నది. "దిమ్మె చుట్టూ ఉండే ఆ ఇనప కమ్ములు మాత్రం ఉంచమను. బొంతలు ఆరేసుకోను మనకింకేముండాది?"

"మీ తాతను ఉరేసుంటే తెలిసేది నీకు."

"మా తాతను ఎవురూ ఉరేయలేదు. కరువుకే పోయినాడు. ఆ కరువుకు బొమ్మ పెట్టలేదు గాబట్టి తీసే పని లేదు."

మర్నాడే ఉద్యమం మొదలైంది. విగ్రహం తీయాలని కాదు, తీయకూడదని. మాజీ శాసనసభ్యులు మోహన గారికి అంతకు ముందు దినం దాకా పిలకం దొర మీద ఏ అభిప్రాయమూ లేదు. ధనంజయ గారు తీస్తామన్నారని తెలిసిన మరుక్షణం అభిప్రాయం కలిగింది. దిమ్మె కిందే నిరాహార దీక్షకు కూర్చున్నారు. షామియానా గౌస్‌దే. పేటలో ఇంకొకరికి షామియానా లేదు.

"దొర మనకు చెడు చేసినాడేమో, నేను కాదనను," అన్నారు మోహన గారు నీరసంగా. "కానీ చిత్తూరుకు రోడ్డేసింది దొర. కావాలంటే పోయి సూడండి. దొర వేసింది వేసినట్టే ఉండాది. ఆ తర్వాత ఎవురూ ముట్టుకోలేదు."

ఆ రోడ్డు మీద రోజూ ప్రయాణం చేసే జనం ఈ వాదనకు తిరుగు లేదని ఒప్పుకున్నారు. వాళ్ళలో సగం మంది దొర వైపు తిరిగారు.

విగ్రహం తీయాలంటే ముందు అది ఎవరిదో తేలాలని మునిసిపల్ కమిషనర్ పంకజాక్షి గారు చెప్పారు. ఆమె నిబంధన దాటి నీళ్ళు కూడా తాగని అధికారిణి. ఒక శాఖ వాళ్ళు వచ్చి, రోడ్డు తమదే గానీ రోడ్డు మధ్యలో నిలబడ్డవాళ్ళు తమవాళ్ళు కాదన్నారు. ఇంకో శాఖ వాళ్ళు వచ్చి కొలిచి, విగ్రహం పాతదే గానీ పురాతనం కాదని తేల్చి, బజ్జీలు తిని వెళ్ళారు. ఎవరిదీ కాదని తేలింది గనుక ఎవరైనా తీయవచ్చని పంకజాక్షి గారు రూలింగ్ ఇచ్చారు. ఇంత సాహసమైన నిర్ణయం ఆ ఆఫీసులో అంతకు ముందు ఎవరూ తీసుకోలేదు.

తీసే రోజున ధనంజయ గారు క్రేను ముందు కొబ్బరికాయ కొట్టారు. శత్రువే అయినా ఊరు దాటిపోతున్నాడు, శుభం పలకాలి గదా అన్నారు. దొర నడుముకు పట్టీలు బిగించి క్రేను పైకి లేపింది. గాలిలో ఒక్కసారి గిర్రున తిరిగి దొర మొదటిసారిగా పరుపుల అంగడి వైపు చూశాడు. గౌస్ తల తిప్పుకోలేదు. తన తండ్రి ఇది చూడకుండా పోయాడే అనుకున్నాడు. పక్కన నిలబడిన జైతున్‌బీ అతని మోచెయ్యి పట్టుకుంది.

దొరను ఎక్కడికి పంపాలన్నదానికి ధనంజయ గారి దగ్గర ముందే జవాబుంది. దొరది మద్రాసు పటాలం, కాబట్టి మద్రాసుకే. రేణిగుంటలో విమానం దిగుతున్న పెద్ద నాయకుడొకరు చూడాలని ముచ్చటపడ్డారు గనుక లారీ అటు చుట్టూ తిరిగి, తడ మీదుగా బయలుదేరింది. తడ దాటగానే అవతలి రాష్ట్రం వాళ్ళు ఆపారు. ఇది సరుకా, మనిషా అని అడిగారు. సరుకైతే బిల్లు, మనిషైతే గుర్తింపు కార్డు కావాలన్నారు. డ్రైవరు రెండు దినాలు సర్దిచెప్పి, మూడో దినం దొరను ఒక దాబా ముందు దించి వెనక్కి వచ్చేశాడు. దాబా యజమాని దొర చంకలోని టోపీకి మెనూ బోర్డు తగిలించాడు. వ్యాపారం బాగుందని అటు నుంచి వచ్చినవాళ్ళు చెబుతారు.

పేటలో దిమ్మె ఖాళీగా మిగిలింది. గౌస్ వారం ఆగి ఎమ్మెల్యే ఇంటికి వెళ్ళాడు.

"సార్, ఆ రాయి..."

"ఏ రాయి?"

"ఉరేసినోళ్ళ పేర్లు సార్."

"అదా," అన్నారు ధనంజయ గారు. "ముందు దిమ్మె మీద మా నాయన విగ్రహం రానీ బాయ్. దాని ఎనక పక్క చోటు ఉంటాది గదా. ఆడ రాయించుకుందువు."

ధనంజయ గారి నాయన గారు మామిడికాయల వ్యాపారం చేసి, మంచి పేరుతో పోయినవారు. స్వాతంత్ర్య పోరాటం జరిగేటప్పటికి ఆయన ఇంకా పుట్టలేదు. పుట్టి ఉంటే తప్పకుండా పాల్గొనేవారని భానుచందర్ కరపత్రంలో రాశాడు. మోహన గారు ఊరుకోలేదు. ఆ దిమ్మె తమ పార్టీ వ్యవస్థాపకుడికే తగునన్నారు. మరో మూడు సంఘాల వాళ్ళు తమ తమ మహనీయుల ఫోటోలు పట్టుకుని వచ్చారు. అందరూ వేరువేరు రోజుల్లో భూమిపూజ చేశారు. అన్ని పూజలకూ షామియానా ఒకటే. గొడవ కోర్టు దాకా పోయింది. తుది తీర్పు దాకా దిమ్మె ఉన్నది ఉన్నట్టుగా ఉండాలని కోర్టు చెప్పింది. దాని మీద ఏమీ లేదు గనుక, ఏమీ లేకుండా ఉన్నది ఉన్నట్టు ఉండేలా కాపలా కాయడానికి ఇద్దరు కానిస్టేబుళ్ళను వేశారు.

గౌస్ కమిషనర్ దగ్గరికి పోయాడు. పంకజాక్షి గారు అతన్ని కూర్చోబెట్టి ఓపికగా విన్నారు.

"నువ్వు చెప్పేది న్యాయమే గౌస్ బాయ్," అన్నారు. "నాకు నమ్మకముండాది. కానీ ఆ ఫకీర్ సాహెబ్ అనే ఆయన ఉన్నాడనేదానికి ఆధారం యాది?"

"ఉరేసినారు గదమ్మా."

"ఉరేసినట్టు ఆధారం?"

"మా నాయన చెప్పినాడు."

"ఆయన ఎక్కడ?"

"పోయినాడు."

పంకజాక్షి గారు నిజంగానే బాధపడ్డారు. టీ తెప్పించి ఇచ్చారు. గౌస్ ఆ టీ తాగి వచ్చేశాడు. ఆ తర్వాత రాయి గురించి ఎవరినీ అడగలేదు. అంగడి తలుపు తీసేటప్పుడు ఎదురుగా వీపు చూపించడానికి కూడా ఎవరూ లేకపోవడం వల్ల కొన్నాళ్ళు అతనికి పొద్దున్నే ఏదో మరిచిపోయినట్టు ఉండేది.

ఇంతలో ఎన్నికలు వచ్చాయి. కోడ్ అమల్లోకి వచ్చిన రోజు మధ్యాహ్నమే పంకజాక్షి గారు గౌస్‌ను పిలిపించారు. పేటలోని నాయకుల విగ్రహాలన్నిటికీ గుడ్డ ముసుగులు కుట్టాలి. ఓటరు కంటికి ఏ నాయకుడి ముఖమూ కనబడకూడదు. గౌస్ టేపు పట్టుకుని నిచ్చెన వేసుకుని ఒక్కొక్కరి కొలతలూ తీసుకున్నాడు. చెయ్యి చాపినవాళ్ళకు ఒక రకం, చెయ్యి ఎత్తినవాళ్ళకు ఇంకో రకం. ఆఖర్న కమిషనర్ కూడలిలోని దిమ్మెను కూడా కలపమన్నారు.

"దాని మీద ఎవురూ లేరమ్మా," అన్నాడు గౌస్.

"లేరని నీకు తెలుసు, నాకు తెలుసు. రేపు పరిశీలకులు పై రాష్ట్రం నుంచి వస్తారు. విగ్రహం దిమ్మెలన్నీ కప్పినారా అని అడుగుతారు. కప్పలేదంటే నేను యాడ చెప్పుకోవాల?"

గౌస్ ఒక తెల్లగుడ్డ తెచ్చి దిమ్మె మీద పరిచి నాలుగు మూలలా కట్టాడు. సాయంత్రానికల్లా రెండు పార్టీల నుంచీ ఫిర్యాదులు వచ్చాయి. మిగతా మహనీయులందరూ గుడ్డ కింద నిటారుగా నిలబడి ఉంటే, తమ నాయకుణ్ణి మాత్రం పడుకోబెట్టారని ఒకరు. పడుకోబెట్టినది తమ నాయకుణ్ణని, ఇది ఓటమి సంకేతంగా జనంలోకి పోతుందని మరొకరు. సమాన అవకాశం అన్న సూత్రం దెబ్బతింటోందని పరిశీలకుడు కూడా భావించాడు. ఆయనకు తెలుగు రాదు గానీ సూత్రాలు బాగా తెలుసు.

"నిలబెట్టు గౌస్ బాయ్," అన్నారు పంకజాక్షి గారు. "లోపల ఏం పెడతావో నాకు చెప్పొద్దు. మనిషెత్తు ఉంటే చాలు."

గౌస్ మర్నాడు ఎండ ఎక్కాక దిమ్మె ఎక్కాడు. ఒక నిలువు బొంగు, ఒక అడ్డ బొంగు కట్టాడు. పాత గోనెల్లో ఎండుగడ్డి కుక్కి మొండెం, కాళ్ళు చేశాడు. జైతున్‌బీ కింద నుంచి ఒక్కొక్కటే అందిస్తోంది. అంగడిలో చిరిగిన దిండు ఒకటుంటే తల చేశాడు. ఎన్నో పరుపులు, ఎన్నో దిండ్లు కుట్టిన చెయ్యి అది. చకచకా పోతోంది. తల నిలవడం లేదు, ముందుకు వాలిపోతోంది. కింద నుంచి జైతున్‌బీ పీచుతాడు విసిరింది. దాన్ని మెడ చుట్టూ రెండు చుట్లు వేసి, బొంగు కొసకు లాగి ముడి వేశాడు. అప్పుడు నిలిచింది. కాస్త పక్కకు ఒరిగి నిలిచింది.

ముడి వేసిన చెయ్యి అక్కడే ఆగిపోయింది. గౌస్ ఆ బొమ్మ ముఖంలోకి చూశాడు. ముఖం ఏమీ లేదు, మాసిపోయిన దిండు గుడ్డ. కాళ్ళు గాలిలో వేలాడుతున్నాయి, దిమ్మెకు అందలేదు.

"ఏమయింది నౌరీన్ అబ్బా?" అన్నది జైతున్‌బీ. నౌరీన్ వాళ్ళ కూతురు.

ఆమె తలెత్తి చూసింది. కాపలా కానిస్టేబుళ్ళు నీడ చూసుకుని కూర్చుని ఉన్నారు.

"తాడు ఊడదీసి ఇంకేదైనా కట్టు," అన్నది ఆమె.

"ఊడదీస్తే నిలబడదు," అన్నాడు గౌస్. గుడ్డ కప్పేసి కిందికి దిగాడు.

ఎన్నికలు అత్యంత ప్రశాంతంగా జరిగాయి. తెల్లగుడ్డ కింద నిటారుగా నిలబడ్డ ఆ మహనీయుడు ఎవరన్నది మాత్రం పేటలో ఎవరికి వారు తీర్మానించుకున్నారు. ప్రచారానికి బయలుదేరే ముందు ధనంజయ గారు వచ్చి తమ నాయన గారే అనుకుని దండం పెట్టుకున్నారు. మోహన గారు వచ్చి తమ వ్యవస్థాపకుడే అనుకుని దండం పెట్టుకున్నారు. సంఘాల వాళ్ళు పూలదండలు తెచ్చి దిమ్మె కింద పెట్టిపోయారు. ఖాళీగా ఉన్నప్పుడు కొట్టుకున్నవాళ్ళు గుడ్డ కప్పాక ఒకరి దండ పక్కన ఒకరు దండ పెట్టారు. నల్లరాళ్ళపేటలో ఇంత ఐకమత్యం మునుపెన్నడూ చూడలేదని పత్రికల వాళ్ళు రాశారు. నిజమే రాశారు.

మోహన గారు గెలిచారు. నియోజకవర్గం అభివృద్ధి కోసం ధనంజయ గారు పదో రోజుకల్లా మోహన గారి పార్టీలో చేరారు. కొత్త ఎమ్మెల్యేకు కూడా పీఏగా భానుచందరే కొనసాగాడు. అతనికి నియోజకవర్గం కొట్టిన పిండి.

కోడ్ ముగిసింది గనుక ముసుగులు తీయాలి. మిగతా విగ్రహాల ముసుగులు గౌస్ తీసి మడతపెట్టుకున్నాడు. కూడలిలోనిది మాత్రం తీయవద్దని కబురొచ్చింది. దాన్ని మోహన గారు స్వయంగా, బ్యాండు మేళంతో ఆవిష్కరిస్తారట. గౌస్ చెప్పులు కూడా సరిగా తొడుక్కోకుండా భానుచందర్ దగ్గరికి పరిగెత్తాడు.

"సామీ, దాంట్లో విగ్రహం లేదు. నేను పెట్టిన గడ్డి ఉండాది."

"గడ్డి అని నువ్వంటా ఉండావు," అన్నాడు భానుచందర్ ఫోనులోంచి తల ఎత్తకుండా. "జనం రెండు నెలలుగా దండలేస్తా ఉండారు. జనం మాట కంటే నీ మాట పెద్దదా?"

"గుడ్డ తీస్తే సూస్తారు గదా."

"చూడనీ. అది గడ్డి అని ముందు ఎవురంటారో సూద్దాం."

ఆవిష్కరణకు పేట మొత్తం వచ్చింది. వేదిక మీద మోహన గారు మధ్యలో, ధనంజయ గారు కుడిపక్కన కూర్చున్నారు. ఎడమ పక్కన పంకజాక్షి గారు ఎవరి వైపూ చూడకుండా కూర్చున్నారు. బ్యాండు మోగింది. మోహన గారు తాడు లాగారు. తెల్లగుడ్డ జారి కింద పడింది.

బొంగుకు మెడ తాడుతో వేలాడుతూ, తల పక్కకు ఒరిగి, కాళ్ళు దిమ్మెకు అందకుండా, గోనెసంచి మనిషి కనిపించాడు. వానలకు గడ్డి నల్లబడి ఉంది. బ్యాండు వాళ్ళు ఒకరి తర్వాత ఒకరు ఆపేశారు. మండీలో లారీ వెనక్కి తీస్తున్న చప్పుడు వినిపించింది.

ముందు ఎవరన్నా ఏదన్నా అంటారేమోనని మోహన గారు ధనంజయ గారి వైపు చూశారు. ధనంజయ గారు కమిషనర్ వైపు చూశారు. పంకజాక్షి గారు నేల వైపు చూశారు. అప్పుడు మోహన గారు నాయకుడన్నవాడు ఏం చేయాలో అది చేశారు. రెండు చేతులూ ఎత్తి నమస్కరించి మైకు అందుకున్నారు.

"ఈ మహనీయుని ముఖంలో తేజస్సు చూడండి," అన్నారు. "ఎంత నిరాడంబరుడో చూడండి. ఇటువంటివారు మళ్ళా పుట్టరు."

ధనంజయ గారు అందరికంటే ముందు చప్పట్లు కొట్టారు. తర్వాత అందరూ కొట్టారు. మోహన గారు ఆ మహనీయుని అడుగుజాడల్లో నడుస్తానని ప్రమాణం చేశారు. ఇరవై నిమిషాలు మాట్లాడి, పేరు ఎక్కడా రాకుండా జాగ్రత్తపడ్డారు. అది ఎంత కష్టమో ఉపన్యాసాలు ఇచ్చేవారికి తెలుస్తుంది.

జనం చెదిరాక గౌస్ షామియానా విప్పుతూ మధ్యలో వదిలేసి, నిచ్చెన తెచ్చి దిమ్మెకు ఆనించాడు. జైతున్‌బీ నిచ్చెన కదలకుండా కింద పట్టుకుంది. అతను పైకెక్కి బొమ్మ మెడ చుట్టూ ఉన్న ముడి విప్పడం మొదలుపెట్టాడు. వానకు తడిసి ముడి బిగుసుకుపోయింది. పళ్ళతో లాగుతున్నాడు. తాడు ఒక చుట్టు వదులయ్యింది, తల అతని భుజం మీద వాలింది.

"ఎవుర్రా అది, విగ్రహం మీద చెయ్యేసింది?" అని కానిస్టేబుల్ కేకేశాడు.

స్టేషన్లో ఎస్సై కుర్రవాడు, చదువుకున్నవాడు, మర్యాదస్తుడు. గౌస్‌కు మంచినీళ్ళు ఇప్పించాడు. ఆవిష్కరణ జరిగిన రోజే మహనీయుని విగ్రహాన్ని ధ్వంసం చేయబోవడం తీవ్రమైన విషయమనీ, కేసు కట్టక తప్పదనీ చెప్పాడు. అయితే ఎవరి విగ్రహాన్ని ధ్వంసం చేయబోయాడో రాయాలి. కమిషనర్‌కు ఫోన్ చేశాడు. కప్పే బాధ్యత వరకే తనదని ఆమె చెప్పారు. ఎమ్మెల్యే గారింటికి చేశాడు. సార్ మహనీయులందరినీ సమానంగా గౌరవిస్తారని భానుచందర్ చెప్పాడు. ఎస్సై ఫోన్ పెట్టేసి కాసేపు కలం కొరికాడు.

"నువ్వే చెప్పు పెద్దాయనా. ఎవురి విగ్రహం అది?"

గౌస్ తల ఎత్తాడు. ఈ ప్రశ్న అతన్ని ఇంతవరకు ఎవరూ అడగలేదు.

"ఫకీర్ సాహెబ్‌ది సార్."

"ఏం చేసేటోడు?"

"నగారా వాయించేటోడు. పటాలం వస్తా ఉంటే ఊళ్ళను లేపినాడు."

"తండ్రి పేరు?"

"తెలీదు సార్. ఉరేసేటప్పుడు అడగలేదంట."

ఎస్సై అతని ముఖంలోకి ఒకసారి చూసి, రాసుకున్నాడు. జైతున్‌బీ బయట బెంచీ మీద కూర్చుని ఉంది. లోపలి మాటలన్నీ ఆమెకు వినబడ్డాయి.

బెయిల్ వచ్చింది. విగ్రహం ఉన్న కూడలిలోకి గౌస్ మొహిద్దీన్ అడుగు పెట్టకూడదన్నది షరతు. అందువల్ల తాత పెట్టిన పరుపుల అంగడి ఖాళీ చేసి మసీదు సందులోకి మార్చారు. అక్కడ ఎండ తక్కువ, బొంతలు ఆరవు. దిమ్మె ముందు పోలీసులు బోర్డు పెట్టారు. ఫకీర్ సాహెబ్ గారి విగ్రహం, తాకినవారు శిక్షార్హులు అని ఉంది. అది చదివి మోహన గారు, పేటలో మరుగున పడిపోయిన మహావీరుణ్ణి తమ ప్రభుత్వమే వెలికి తీసిందని ప్రకటించారు. ఏటా జయంతి జరుపుతామన్నారు. పుట్టిన తేదీ ఎవరికీ తెలియదు గనుక, ప్రజలకు గుర్తుండేలా, మోహన గారి పుట్టినరోజునే ఆయన జయంతిగా నిర్ణయించారు.

జయంతికి షామియానా గౌస్ దగ్గరి నుంచే పోయింది. వేసేవాళ్ళు వచ్చి తీసుకుపోయారు. అతను పోవడానికి లేదు గనుక జైతున్‌బీ పోయింది. కూతురు తెచ్చిచ్చిన కొత్త బురఖా వేసుకుని పోయింది. సాయంత్రం దాకా గౌస్ మసీదు సందు చివర నిలబడి మైకు వినడానికి ప్రయత్నించాడు. గాలి అటు వైపు ఉంది.

ఆమె వచ్చి చెప్పులు విడిచి కూర్చున్నది.

"ఏమన్నారు?" అన్నాడు గౌస్.

"మోహన సారు గురించి చానా బాగా చెప్పినారు."

"ఫకీర్ సాహెబ్ గురించి?"

జైతున్‌బీ బురఖా తీసి మడతపెట్టింది.

"గడ్డి కొత్తది కుక్కించినారు. మొగానికి పసుపు రంగేసినారు," అన్నది. "మెడకు తాడు మార్చినారు. పట్టుతాడు. మోహన సారే ఎక్కి తన చేత్తో బిగించినాడు, అందరూ చప్పట్లు కొట్టినారు."